పట్టుకున్నవాళ్ళు, పట్టున్నవాళ్ళు

ఇలా రా తల్లీ, ఇంకాస్త దగ్గరికి జరుగు. ఆ ఫోను బోర్లా పెట్టు. ఇది సగం విని లేచిపోయే సంగతి కాదు. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది, ఆ మంట ఉండగానే నీకు చెప్పెయ్యాలి.

నేనేమంత చదువుకున్నదాన్ని కాదు. సంతకం పెడతాను, బస్సుల మీద బోర్డులు కూడబలుక్కుని చదువుతాను. కానీ చెవిన పడ్డ మాట మాత్రం నా దగ్గర్నించి ఎక్కడికీ పోదు. ఎవరేమన్నారో, అన్నప్పుడు బల్ల మీద ఎవరి చొక్కా ఇస్త్రీ అవుతోందో కూడా చెప్పగలను.

మీ పెద్దమ్మ ఇస్త్రీ షాపు వెనక గది తెలుసుగా నీకు. తాడు మీద చొక్కాలు వేలాడుతుంటాయి, వాటి కింద తల వంచుకుని లోపలికి రావాలి. ఆ గదిలో పెద్ద ఇస్త్రీ బల్ల మీద, దుప్పటి పరిచిన చోటే, ఆదివారం మధ్యాహ్నాలు మా ఆట. నవ్వకు. ఈ వయసులో నేనూ ఆడతాను. ఆడేది నలుగురం. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ణి మాస్టరంటారు. మిగతావాళ్ళం తలా ఒక మనిషిని కల్పించుకుంటాం. మాస్టరు "ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో గురక పెడుతోంది" అంటాడు, మనం ఏం చేస్తామో చెప్పాలి. చెప్పింది జరిగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. దుప్పటి మీద వేస్తే పాచిక ముడతల్లో ఒరిగిపోతుందని స్టీలు పళ్ళెంలో వేస్తాం. ఖణేల్మని మోగితే వీధిలోవాళ్ళు మేమేదో వడ్డించుకుంటున్నాం అనుకుంటారు.

మాస్టరు మీ అన్న. మీ పెద్దమ్మ వైద్యురాలు. చేతిలో ఇస్త్రీపెట్టె పట్టుకుని ముందు గదిలోంచే ఆడుతుంది, "నా వంతొస్తే కేకెయ్యండి, ఎవరికి దెబ్బ తగిలిందో చెబితే మందేస్తా" అంటుంది. నేను దొంగని. అవునే, దొంగనే! తాళాలు తీస్తాను, జేబులు కొడతాను. "అమ్మమ్మా, నీకు సహజంగా సరిపోతుంది" అన్నాడు ఆ వెధవ. సరే, చేసి చూపిస్తాన్రా అన్నాను. చేసి చూపించాను కూడా, ముందు ముందు వింటావు.

ఇక మీ అక్క. మా ఆటలో దాని పేరు గడపమ్మ. పేరు దానికదే పెట్టుకుంది. యోధురాలు. ఈ యోధుల్లో మళ్ళీ శాఖలుంటాయి. ఒక శాఖవాళ్ళు గాల్లోకి ఎగిరి రెండు చేతులతో నరుకుతారు, ఒక శాఖవాళ్ళు గుర్రాల మీద వస్తారు, చూడ్డానికి భలేగా ఉంటారు. మీ అక్క అవన్నీ వద్దని కాపలా శాఖ తీసుకుంది. మీ అన్న ఎంత చెప్పాడో! "అక్కా, అందులో మొదట్లో ఏమీ రాదు, విసుగొస్తుంది, వద్దు." ఇది వింటేనా!

నిజంగానే ఏమీ రాలేదు. మేమంతా సాహసాలు చేస్తుంటే అది డాలు పట్టుకుని ఎవరో ఒకరి ముందు నిలబడేది. దెబ్బలన్నీ దానికే. మీ పెద్దమ్మ మందంతా దానికే అయిపోయేది. అట్లా ఓపిక పట్టి పట్టి ఒక్కో లెవెలూ ఎక్కి, ఎండలు పోయి వానలొచ్చాక దానికి ఒక విద్య వచ్చింది. దాని పేరు అడ్డు. తన ఈటె అందే దూరంలో ఎవడు దాటబోయినా, తన వంతు కాకపోయినా సరే, లేచి ఒక దెబ్బ వెయ్యొచ్చు. తగిలిందా, వాడు అక్కడే ఆగిపోవాలి. అడుగు కదపడానికి లేదు.

మొదటిసారి అది "అడ్డు!" అన్నప్పుడు దాని మొహం చూడాల్సింది నువ్వు. మీ అన్న తెచ్చిన తోడేలు నా మీదకి దూకబోతోంది. ఇది కుర్చీలోంచి లేచి చెయ్యి చాపింది. బడి వ్యాను నడుపుతుంది కదా, రోజూ సాయంత్రం వ్యాను ఆపి, దిగి, రోడ్డు మధ్యలో చెయ్యి చాపి నిలబడుతుంది పిల్లలు దాటేదాకా. అచ్చం అదే చెయ్యి. రోడ్డు మీద దాన్ని చూసి హారన్లు కొడతారు, అద్దాలు దించి అనరాని మాటలంటారు, "ఆడదానికి స్టీరింగు ఎవడిచ్చాడు" అనే మహానుభావులూ ఉన్నారు. ఇక్కడ మాత్రం అది చెయ్యి చాపితే తోడేలు ఆగింది. మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. ఆరు రోజులు బండెడు తిట్లు తిని, ఆ ఒక్క మధ్యాహ్నం కోసం వస్తుందే అది! అది తెలియాలి నీకు, లేకపోతే తర్వాతి సంగతి ఏదో బొమ్మల గొడవలా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను.

మీ అన్న ఫర్నిచర్ షోరూములో పని చేస్తున్నాడుగా. వాడి ఉద్యోగం పర్మినెంటు కావాలంటే సూపర్‌వైజరు సరేననాలి. ఆ సూపర్‌వైజరుగారికి ఎట్లా తెలిసిందో ఈ ఆట సంగతి, "నేనూ వస్తానయ్యా ఆదివారం" అన్నాడట. వీడికి నేల మీద కాళ్ళు నిలవలేదు. శనివారం రాత్రి కూచుని ఆటలో ఆయన కోసం ఒక మంత్రగాణ్ణి తయారుచేశాడు. పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకుని, నురగ కారుస్తూ నా దగ్గరికొచ్చాడు.

"అమ్మమ్మా, కొత్త ఆయుధం కట్టా. పుస్తకంలో ఉండదు, నా సొంత రూలు. గొలుసుకొక్కెం. ఇంత పొడుగు గొలుసు, కొసన కొక్కెం. గది ఈ గోడ నుంచి ఆ గోడకి అందుతుంది. దాటబోయినవాణ్ణి తగిలించి ఆపెయ్యొచ్చు."

"ఎవరు ఆపొచ్చురా?"

"పట్టుకున్నవాళ్ళెవరైనా," అన్నాడు.

అది వాడన్న మాట. బ్రష్షు అడ్డం, నురగ అడ్డం. నా చెవిన పడింది మాత్రం "పట్టున్నవాళ్ళెవరైనా" అని. పట్టున్నవాళ్ళంటే విద్య వచ్చినవాళ్ళు కదా, ఇంట్లో అడ్డు మీద పట్టున్నది మీ అక్క ఒక్కతే కదా. నేనెంత మురిసిపోయానో! అక్క కష్టం చూసి తమ్ముడు ఆయుధం చేసిపెట్టాడు, ఎంత బుద్ధిమంతుడయ్యాడు వీడు అని వాడి కాఫీలో ఇంకో చెంచా చక్కెర కూడా వేశాను. ఆ చక్కెర తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది నాకు.

మధ్యాహ్నం సూపర్‌వైజరుగారు వచ్చాడు. ఆయన స్కూటరు మరమ్మతుకి ఇచ్చాడట, అందుకని మీ అక్కే వెళ్ళి వ్యానులో తీసుకొచ్చింది, తిరిగి దింపుతానని కూడా చెప్పింది. మనిషి చెడ్డవాడేమీ కాదు. ఆదివారం కూడా చొక్కా జేబులో షోరూము పెన్ను పెట్టుకుని వచ్చాడు. "నమస్కారం అమ్మగారూ, మీరు దొంగ అటగా" అని నవ్వాడు. కూచున్నాడు.

ఆట మొదలైంది. నేల కింద పాత కోట, ఇరుకు తలుపు, ఆ తలుపు అవతల్నించి రాక్షసులు. మేం చెరలో ఉన్న పిల్లల్ని విడిపించి తీసుకొస్తున్నాం, వాళ్ళు మా వెనకే ఉన్నారు. గడపమ్మ కోసమే కట్టిన చోటులా ఉంది. మీ అక్క చేతులు మడిచి, "నేను తలుపులో నిలబడతా. పిల్లల దగ్గరికి పోవాలంటే ఎవడైనా నన్ను దాటుకునే పోవాలి" అంది.

మొదటి రాక్షసుడు వచ్చాడు. ఇది ఈటె ఎత్తబోతోంది. వెనక నుంచి సూపర్‌వైజరుగారు, "నేను గొలుసుకొక్కెం విసురుతా" అన్నాడు. పళ్ళెం ఖణేల్మంది. "తగిలింది సార్! ఆగిపోయాడు!" అన్నాడు మీ అన్న, వాడి అరుపుకి హాంగర్లు ఊగాయి. రాక్షసుడు గడపమ్మ దాకా రానేలేదు. రెండోవాడూ అంతే. వాణ్ణి గోడ దగ్గరే ఆపేశాడు. "సూపర్ సార్!" మూడోవాడూ అంతే. "సార్, మీరు పుట్టుకతోనే ఆటగాళ్ళు సార్!"

"అక్కా, నీ వంతు," అన్నాడు చివరికి.

"నిలబడ్డా," అంది మీ అక్క.

"అంతేనా?"

"ఇంకేం చెయ్యను? నా దగ్గరికెవరూ రావట్లేదుగా."

మళ్ళీ దాని వంతు వచ్చింది. మళ్ళీ "నిలబడ్డా" అంది. వేళ్ళతో దుప్పటి ముడతలు సరిచేస్తూ కూచుంది. నేను కనిపెట్టాను. రోడ్డు మీద ఎవడైనా నోరు పారేసుకున్న రోజు ఇంటికొచ్చి ఇట్లాగే ఏదో ఒకటి సరిచేస్తూ కూచుంటుంది. కాసేపటికి తన కాగితం, గడపమ్మ విద్యలన్నీ రాసుకున్న కాగితం, రెండు మడతలు పెట్టింది.

"వచ్చే ఆదివారం నుంచి నాకు కుదరదురా," అంది మెల్లిగా. "ఎక్స్‌ట్రా ట్రిప్పులేవో ఉన్నాయంటున్నారు. గడపమ్మ ఊరెళ్ళిపోయిందని చెప్పేసెయ్."

మీ అన్న ఒక్క క్షణం దాని వంక చూశాడు. చూసి, "సరేలే అక్కా, నీ ఇష్టం" అని సూపర్‌వైజరు వైపు తిరిగాడే! అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్, ఆపు! ఆ గొలుసు పట్టున్నవాళ్ళదని చెప్పావు కదరా పొద్దున?"

"పట్టుకున్నవాళ్ళది అన్నా అమ్మమ్మా."

"పట్టున్నవాళ్ళు!"

"పట్టుకున్నవాళ్ళు. కు. మధ్యలో కు ఉంది."

"నీ కు తగలెయ్యా! ఆ ఒక్క అక్షరంతో మీ అక్క కష్టమంతా మింగేశావు కదరా! ఎన్నాళ్ళు తన్నులు తింటే వచ్చిందిరా దానికా విద్య? నువ్వొక రాత్రి కూచుని ఇనప గొలుసు ఒకటి కట్టి, ఇదిగో పట్టుకోండి, మీకూ వచ్చేసింది అంటావా? ఇంక ఆ శాఖ ఎందుకు, ఆ లెవెళ్ళెందుకు, అది డాలు పట్టుకుని అఘోరించడం ఎందుకు?"

ముందు గదిలోంచి మీ పెద్దమ్మ, "అమ్మా, నెమ్మది! పెద్దమనిషి కూచున్నాడు," అంది.

"కూచోనీ! నేను నిలబడమన్నానా?"

మీ అన్న మొహం జేవురించింది. వాడికీ ఒక వాదన ఉందిలే, చెప్పకపోతే అన్యాయమవుతుంది. "అమ్మమ్మా, నీకు తెలీదు. ఆ గొలుసు అక్క చేతికిస్తే ఆట చచ్చిపోతుంది. దాని అడ్డు దానికుంది, పైన గొలుసు పొడవు కూడా కలిస్తే గది మొత్తం దానిదే. నేను ఏ రాక్షసుణ్ణి తెచ్చినా గడ్డిబొమ్మే. బ్యాలెన్సు ఉండాలి కదా. అందుకే మంత్రగాడికిచ్చా. వాళ్ళకి అడ్డు లేదు, సమానమవుతుందని."

"సమానమా? తాసులో ఒక పక్క బరువెక్కితే రెండో పక్క కాస్త బరువెయ్యాలి. తాసునే ఎత్తుకెళ్ళి పక్కింట్లో పెట్టొస్తారట్రా?"

అప్పుడు సూపర్‌వైజరుగారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, నేను మధ్యలో మాట్లాడకూడదు గానీ, రూలు రూలే కదండీ. పట్టుకున్నవాళ్ళెవరైనా అని ఉంది. పట్టుకున్నాను. లాజిక్ ప్రకారం..."

ఆ లాజిక్ అన్న ముక్క వినగానే నేను లేచాను. తలుపు పక్కన మేకుకి మీ అక్క వ్యాను తాళంచెవి వేలాడుతుంటుంది చూడు, నేరుగా వెళ్ళి అది తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"పదండి బాబూ, చీకటి పడకముందే మిమ్మల్ని దింపి వస్తాను. లేవండి."

"మీరా?"

"నేనే. ఏం, తాళంచెవి పట్టుకున్నానుగా. పట్టుకున్నవాళ్ళెవరైనా అని మీరేగా అన్నారు."

"అయ్యో, మీకు డ్రైవింగు వచ్చా అమ్మగారూ?"

"రాదు. దాంతో పనేముంది? మీ మంత్రగాడికి గొలుసు విసరడం వచ్చా?"

ముందు గదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజరుగారు నా గుప్పిట వంక చూశాడు, మీ అక్క మడిచిన కాగితం వంక చూశాడు, తర్వాత మీ అన్న వంక తిరిగాడు.

"నువ్వు నాకిది ఎందుకిచ్చావయ్యా?"

మీ అన్న నీళ్ళు నమిలాడు. "కొత్తగా వచ్చారని సార్... మీకు సరదాగా ఉంటుందని..."

"కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఇస్తారనుకున్నా. షోరూములో యూనిఫాం ఇచ్చినట్టు." ఆయనకి ఎక్కడో చురుక్కుమన్నట్టుంది, పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఆమెది తీసి నాకిచ్చావని నాకేం తెలుసు?"

"అమ్మమ్మా, ఆ తాళం ఇటివ్వు. ఆటేగా, వదిలెయ్," అంది మీ అక్క.

"ఆటేగా అన్నావంటే ఊరుకోను! ఆటైతే మాత్రం? నువ్వు రోడ్డు మీద ఊరుకుంటున్నావు, సరే, అది నీ అన్నం పెట్టే పని. ఇక్కడా ఊరుకుంటే ఇంకెక్కడ మాట్లాడతావే? తాళం ఇవ్వను. నేను దొంగని. నువ్వు ఏదో ఒకటి అనేదాకా ఇవ్వను."

అది తమ్ముడి వైపు తిరిగింది. ఆ గొంతు నేను వ్యానులోనే విన్నాను, వెనక సీట్లో పిల్లలు కొట్టుకుంటున్నప్పుడు.

"నన్ను ఒక్క మాట అడిగావట్రా? ఆ గొలుసు నాకిస్తే ఆట చెడుతుందని నీకు నువ్వే అనుకున్నావు. నాకు చెబితే నేనే చూసేదాన్ని కదా. ఆట చెడగొట్టుకుని గెలిస్తే నాకేం సరదా?"

"అయితే ఎట్లా ఉండాలంటావు?" అన్నాడు వాడు తల దించుకుని.

"గొలుసు ఎవరైనా పట్టుకోనీ, ఎవరైనా విసరనీ. తగిలితే దెబ్బ. అంతే. ఆపడం మాత్రం కాపలా శాఖవాళ్ళకే. ఇక నా చేతిలో ఎక్కువవుతుందన్నావు కదా, విను. గొలుసుకి రెండు కొసలుంటాయి. ఒక కొసన వాడున్నంతసేపు రెండో కొసన నేనూ కట్టుబడ్డట్టే. నేనూ కదలకూడదు, ఇంకొకణ్ణి ఆపకూడదు. వాడు నాకంటే బలమైనవాడైతే పాచిక వేద్దాం, ఎవరు ఎవర్ని లాగుతారో."

మీ అన్న నోరు తెరిచాడు. "అక్కా, మరీ అంత కఠినంగా నేను కూడా పెట్టేవాణ్ణి కాదు. నువ్వే చస్తావు అందులో."

"చస్తే చస్తాను. నా విద్యతో చస్తాను."

సూపర్‌వైజరుగారు, "నా వంతేనా ఇప్పుడు? గొలుసు ఆవిడకి అందిస్తున్నా," అన్నాడు. ఆయనేమీ సంతోషంగా అనలేదులే, ఇష్టమైన బొమ్మ వెనక్కిచ్చే పిల్లాడి మొహం పెట్టాడు. కానీ ఇచ్చాడు. నేను తాళంచెవి బల్ల మీద పెట్టాను.

ఈలోగా మీ అన్నకి రోషం వచ్చింది. రాక్షసుల పెద్దని దింపాడు. తలుపులో పట్టనంత మనిషి, భుజాలు రెండూ గోడలకి రాసుకుంటున్నాయన్నాడు. నా దొంగ చేతిలో చిన్న కత్తే ఉంది, మీ పెద్దమ్మ దగ్గర మందు పోయిన ఆదివారమే అయిపోయింది. మా వెనక పిల్లలు.

"అడ్డు," అంది మీ అక్క. లేచి చెయ్యి చాపింది.

కొక్కెం తగిలింది. "పిల్లల్ని తీసుకుని పొండి," అంది మాతో. నేను పోనన్నాను. "అమ్మమ్మా, నేను కట్టుబడి ఉన్నా, నువ్వు లేవుగా. పో!" అని అరిచింది. మేం పోతూనే ఉన్నాం, వాడు గొలుసు లాగుతూనే ఉన్నాడు, పాచిక వేసిన ప్రతిసారీ పళ్ళెం మోగుతూనే ఉంది. ఒకసారి వాడు లాగితే ఇది ఒక అడుగు జారింది. ఇంకోసారి ఇది లాగింది. మీ పెద్దమ్మ ఇస్త్రీ వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఎవరిదో ప్యాంటు కాలుతున్న వాసనొస్తున్నా కదల్లేదు. ఆఖరి పిల్లవాడు బయటపడ్డాడని మీ అన్న చెప్పేదాకా గడపమ్మ గొలుసు వదల్లేదు. వదిలేసరికి ఒంట్లో ప్రాణం చుక్కంత మిగిలింది. మిగిలింది కదా, చాలు.

చప్పట్లు మొదలుపెట్టింది సూపర్‌వైజరుగారు.

ఆయన్ని మీ అక్కే దింపింది. పర్మినెంటు సంగతి ఏమైందో నేనడగలేదు, అడగను కూడా. వాడు అక్కని క్షమించమని ఒక్క మాట కూడా అడగలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. కాఫీలో చక్కెర మామూలుగానే వేస్తున్నాను, ఎక్కువ వెయ్యడం లేదు. కానీ మొన్న ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు కొత్త రూలు తనంతట తనే పైకి చదివాడు. బ్రష్షు లేదు, నురగ లేదు. "పట్టు" అని ఆగి, అక్క వంక చూసి, "ఉన్నవాళ్ళు" అన్నాడు. మాట మధ్యలో విరిచి మరీ చదివాడు, ఎవరూ ఇంకో రకంగా వినకుండా.

వచ్చే వారం నుంచి నువ్వూ ఆ బల్ల దగ్గర కూచుంటావుగా. తర్వాత నీ స్నేహితులతో నీ ఇంట్లోనూ ఆడతావు. ఎవడో ఒకడు రాత్రికి రాత్రి ఏదో ఆయుధం కట్టి పట్టుకొస్తాడు, మెరుస్తూ ఉంటుంది, అందరూ ఆహా అంటారు. అప్పుడు నువ్వు ఆ కు ఉందా లేదా అని అడుగు తల్లీ. ఎందుకని వాళ్ళు నవ్వితే, ఇలా దగ్గరికి రమ్మని కూచోబెట్టి గడపమ్మ సంగతి మొదట్నించీ చెప్పు. నా తాళంచెవి సంగతి మర్చిపోయినా పర్లేదు. మీ అక్క చాపిన చెయ్యి మాత్రం మర్చిపోకు, అది తప్పకుండా చెప్పాలి.